ఆరో కుర్చీ

కూర్చుని తింటే కొండలు కరుగుతాయో లేదో గాని
మా ఇంట్లో కుర్చీలు కరిగాయి.
లూత్సియన్ కూర్చునేదానికి నడిమధ్యన గుంట,
చారెడు నీళ్ళు పోస్తే నిలుస్తాయి.
ఓతీలియాది ముందు అంచంతా చిరుగు.
చిన్నప్పుడు కాళ్ళాడిస్తూ మడమలతో తన్నేది,
పెళ్ళయ్యాక కూడా మానలేదు.

కొత్తవి కొందామని కొట్టుకెళ్ళాను.
ధర చీటీ తిప్పి చూసి
మళ్ళీ బోర్లా తిప్పేసి వచ్చాను.

బావూతీ సంతలో ముక్కగుడ్డలు తూకానికమ్ముతారు.
ముదురాకుపచ్చ మీద సన్నటి ఈతగింజరంగు చార,
గజంన్నర.
ఇంకో పాతిక జ్వోటీలకి
ఎవరి నిద్రలోంచో కోసుకొచ్చిన పరుపు స్పాంజి.
"ఇరవై ఏడేళ్ళు మగ్గం ముందు నిలబడ్డదాన్ని,
ఇది మా మిల్లు నేతే, కొసరు వెయ్యి" అన్నాను.
"మీ మిల్లులో ఇప్పుడు సినిమాలాడుతున్నాయి కదా" అంటూనే
జానెడు ముక్క పైన పడేసింది.

మా ఊరు వూచ్. పేరుకి పడవ అని అర్థం,
చూద్దామంటే నది కనపడదు.
బల్ల మీద కుర్చీని బోర్లించాక
నాలుగు కాళ్ళూ పైకెత్తి అదే పడవలా ఉంది.
నాలుగు స్క్రూలు తిప్పితే
సీటు పళ్ళెంలా ఊడి చేతికొచ్చింది.
పిన్నులు పీకడానికి వెన్న రాసే కత్తి చాలు.
లెక్కపెట్టాను, అరవై మూడు.
ఎవడో పగబట్టి కొట్టాడు అనుకున్నా.
తర్వాత గుర్తొచ్చింది,
నేనే.

పైన గోధుమరంగు రెక్సిన్,
పిల్ల పాలు ఒలకబోస్తే తుడవడానికి నేను వేసింది.
దాని కింద అత్తగారి ఊలు గళ్ళు.
దాని కింద, అసలు రంగేదో మర్చిపోయిన పువ్వులు.
పొరకో ప్రభుత్వం.
అన్నిటి కిందా అదే చెక్క,
ఎవరొచ్చినా మోసింది.

మూడోదాంట్లో, రొట్టె పొడిలో కలిసిపోయి
ఎండిన కార్ప్ చేప పొలుసు.
క్రిస్మస్ ముందు రాత్రిది పర్సులో దాచుకుంటే
ఏడాదంతా డబ్బు నిలుస్తుందని మా నమ్మకం.
ఇన్నేళ్ళూ మా డబ్బు
ఎక్కడ కూర్చుందో తెలిసింది.

గుడ్డ లాగాలి, మరీ లాగకూడదు.
ముందు నడిమధ్యన ఒక పిన్ను, దానికెదురుగా ఇంకోటి,
తర్వాత అంచుల వైపుకి.
మూలల దగ్గరే మనిషి బయటపడతాడు.
మొదటి కుర్చీ మూలలు చూడకండి.
నాలుగోదానికి చెయ్యి దారికొచ్చింది,
ఐదోదానికి గుడ్డ అయిపోయింది.

ఆరోది గోడవార ఉండిపోయింది.
పండగ రాత్రి ఒక పళ్ళెం ఎక్కువ పెడతాం మేము,
అనుకోని అతిథి కోసం.
అది ఆ అతిథి కుర్చీ.
రెక్సిన్ ఇంకా నిగనిగలాడుతోంది,
వేలితో నొక్కితే వేలినే తోసింది.
ముప్ఫై రెండేళ్ళు.
ఎవరూ రాలేదా,
వచ్చి తట్టినప్పుడు మేం టీవీ గొంతు పెంచామా,
ఇప్పుడు ఎవర్నడగను?
కొసరు ముక్క దాని మీద పరిచి చూశాను.
చాల్లేదు. చాలినా దేనికి?

అప్పుడు తలుపు చప్పుడైంది.
నాలుగో అంతస్తు బ్రోనిస్వాఫ్,
పిన్నులు కొట్టే యంత్రం అతనిదే, అడగడానికొచ్చాడు.
మంగళవారం, అక్టోబరు, ఏ పండగా కాదు.
వరసగా ఐదింటినీ చూసి ఈల వేశాడు.
"కూర్చో" అన్నాను.
గ్యారేజీ ప్యాంటు దులుపుకుని,
"కొత్తవి పాడవుతాయి" అని
తిన్నగా గోడవారకి వెళ్ళి కూర్చున్నాడు.
కాస్త అటూ ఇటూ కదిలి,
"అన్నిట్లో ఇదే గట్టిది, దీన్ని ముట్టుకోకు" అన్నాడు.

నిన్నటి క్యాబేజీ పులుసు వెచ్చబెట్టాను.
రెండోసారి అడిగి మరీ పోయించుకున్నాడు.
వెళ్ళేటప్పుడు యంత్రం బల్ల మీదే మర్చిపోయాడు.
మెట్లు ఎక్కుతున్న చప్పుడు
రెండో అంతస్తు దాకా వినిపించింది.
నేను పిలవలేదు.