కిలో రాయి

స్టోర్సులో ఇచ్చిన బెల్టు మగవాళ్ళ కొలత.
తుపాకి తగిలిస్తే చాలు, కుడిపక్క
తడిసిన దండెంలా కిందికి దిగుతుంది.
పొద్దస్తమానం ప్యాంటు పైకి లాక్కునే ఈ చెయ్యి
ఎస్సై చెయ్యి అంటే ఎవరు నమ్ముతారు?
బకిలేమో సరిగ్గా కుట్ల మీద కూర్చుంటుంది.
పాపకు పదినెలలు.
కుట్లకూ పదినెలలే.

చిత్తూరు బెల్లం మండీ పక్కసందులో
చెంగల్రాయుడి కొట్టు. ఒక బల్ల, ఒక గూడు,
గూట్లో ఎవరో మరిచిపోయిన ఒంటి చెప్పు.
"ఇంట్లోకా మేడం, డ్యూటీకా?"
"డ్యూటీకి."
అద్దాల పైనుంచి చూసినాడు
పాత బెల్టు ఎక్కడ వంగిందో అక్కడ.

ఆంబూరు నుంచి తెచ్చిన దున్నతోలు పరిచినాడు.
మడిచి వదిలితే
అలిగిన ముసలాయనలా మెల్లగా లేచి కూర్చుందది.
"మెత్తంది నాలుగునాళ్ళు సుఖంగా ఉంటాది.
బరువు మోసేదానికి రవంత మొండితనం ఉండాల.
రెండు పొరలేస్తా. అంచులు అరగదీస్తా, ఒరుసుకోకుండా."

వెడల్పు ఒకటిన్నర అంగుళం.
ఒర కొక్కెంలో సందు లేకుండా దూరాలి.
సందుంటే తుపాకి ఊగుతుంది, తుంటెముకను తడుతుంది.
భాకరాపేట ఘాట్లో ఒక రాత్రి
ఎర్రచందనం లారీ వెనక పరిగెత్తినప్పటి కమురు
పదిహేను రోజులుండింది నా ఒంటి మీద.
లారీ దొరకలేదు.

"ఎంత తూగుతాది?"
"గుళ్ళతో కిలోకు కాస్త తక్కువ."
"తగిలించి చూస్తే తెలిసిపోతాది గదా?"
"స్టేషన్లో ఉంది. ఈరోజు నాకు సెలవు."
గడ్డం గోక్కున్నాడు. పక్కనున్న బెల్లం కొట్లోకి పోయి
కిలో రాయి పట్టుకొచ్చినాడు.
పాతగుడ్డ చుట్టి, ఖాళీ ఒరలో దూర్చి,
కుట్టీ కుట్టని పట్టీకి వేలాడదీసి
"నడవండి" అన్నాడు.

నడిచినాను, మండీ గేటు దాకా,
అచ్చులు దించే హమాలీలు మూటలతోనే ఆగి చూస్తుంటే.
వంగినాను. గొంతుక్కూర్చున్నాను.
ఎవరిదో మోటార్‌సైకిల్ అడిగి ఎక్కి దిగినాను.
"అక్క బెల్లం ఎత్తకపోతా ఉంది!" అని ఒక పిల్లోడు.
రాయి కదల్లేదు. ప్యాంటూ జారలేదు.
ఎన్నాళ్ళకో రెండు చేతులూ ఖాళీగా ఊపుకుంటూ వెనక్కొచ్చినాను.

కొట్టు లోపల మూల కూర్చుని కుడుతున్న మొగిలమ్మ
తలెత్తకుండానే అన్నది,
"బకిలు నడిమిన పెట్టొద్దు. రెండువేళ్ళు ఎడమకు జరుపు."
"ఎందుకే?" అన్నాడు ఆయన.
ఆమె మైనం దారాన్ని పళ్ళతో తెంపింది.
నేను వీధిలోకి చూసినాను.
రెండువేళ్ళు ఎడమకు జరిపినాడు.

బెజ్జాలు ఐదు చాలన్నాను. ఏడు కొట్టినాడు.
"పదేండ్లొస్తాది బెల్టు. మీరు ఇట్టనే ఉంటారా?"
పన్నెండొందలు. బేరమాడలేదు.
ఆడుంటే మొగిలమ్మ తలెత్తేది.

ఎనిమిదేళ్ళ సర్వీసు.
రేంజిలో అట్టల మీద తప్ప ఎక్కడా పేల్చలేదు.
తీసుకోవడం, తుడవడం, లెక్కపెట్టడం,
సంతకం పెట్టి అప్పజెప్పడం.
పెళ్ళిళ్ళలో, బస్సుల్లో, ప్రసవం వార్డులో కూడా
ఎవరికైనా పేల్చిన సంగతే కావాలి.
ఎంత తూగుతుందని అడిగినవాడు
ఈయనొక్కడే.

మర్నాటి రాత్రి గస్తీ.
గిరింపేట మలుపులో జీపాపి టీ తాగుతుంటే
చేతి మీద చీమ.
ఒర అంచు మీంచి ఇంకొకటి, దాని వెనక ఇంకొకటి.
కిలో రాయికి ఎన్నేళ్ళ బెల్లం అంటుకుని ఉందో!
"ఏంది మేడం?" అన్నాడు డ్రైవరు.
"ఏం లేదు" అన్నాను,
కొత్త తోలు మీద వేలు ఆనించి
దిగడానికి దానికి దారిచ్చి.