ఏడు బొత్తాల కోటు

ఆ కోటు కుట్టింది నేనే.
బరంపురంలో దేవాంగుల వీధి మొదట్లో
అరుగంత కొట్టు నాది.
రెండేళ్లకోసారి ఠాకురాణి పుట్టింటికొస్తుంది.
ఆ చైత్రంలో నా మిషనుకు నిద్ర ఉండదు.
పులిచారలు, కోతి తోకలు, జంగందేవర జోలెలు,
ఎవరి మొక్కు వాళ్లది.

పొట్నూరి దాలయ్య మాత్రం
గుమ్మంలో నిలబడి గొంతు తగ్గించాడు.
"గుంటకి అమ్మోరు పోసింది. దిగింది.
వేషం కడతానని మొక్కీసినాను.
దొర కోటొకటి కుట్టీయి."

కొలత తీస్తుంటే తెలిసింది,
మగ్గం గుంటలో వంగీ వంగీ ఉన్న ఆ వీపు మీద
ఏ కోటూ కూర్చోదని.
భుజాల్లో పాత గోనె కుక్కాను.
ఇత్తడి బొత్తాలు ఏడు, అరువు తెచ్చాను.
మొహానికి బియ్యప్పిండి పూసింది
పక్కవీధి కృపాసింధు సాహు,
ఒడియాలో తిడుతూ, తెలుగులో నవ్వుతూ.

ఘటాలు బయల్దేరాయి.
డప్పుల ముందు దాలయ్య,
చంకలో బెత్తం, నోట్లో ఆరిన చుట్ట.
మలుపులో హెడ్డు కనిస్టీబు
కాళ్లు కలిపి సలాం కొట్టేశాడు.

వీధి ఘొల్లుమంది.
ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తెగింది.
మేమూ దారి ఇచ్చాం కదా,
ఎవరూ చెప్పకుండానే, రెండు పక్కలకీ ఒదిగి.
దాలయ్య కూడా గమనించినట్టున్నాడు.
టోపీ తీశాడు. దుమ్ములో బోర్లా పడి
ఘటాలు మోసే ఆడవాళ్ల తడికాళ్ల ముందు
"తల్లీ, మన్నించు" అన్నాడు.
అన్నది దాలయ్యో, కోటో
కుట్టినవాణ్ణి, నాకే తెలీలేదు.

మర్నాడు కచేరీలో గుమస్తా కలం ముంచి
"మాతృభాష?" అన్నాడు.
"ఇంట్లో తెలుగు. సంతలో ఒడియా.
అమ్మోరికి రెండూ వొచ్చు."
"ఒక్కటే గడి ఉందిక్కడ. సరే, జాతి?"
డప్పుల హోరు చెవుల్లోంచి ఇంకా దిగలేదేమో,
"జాతరే బాబూ" అన్నాడు దాలయ్య.
గుమస్తా తలెత్తకుండా రాసేసుకున్నాడు.
ఆ కాగితం పైకి ఎంతవరకు వెళ్లిందో,
ఏ దొర దాన్ని రెండుసార్లు చదువుకున్నాడో.

పదిహేను రోజులు లోపలుంచారు.
కోటు సాక్ష్యం కింద జమ.
ఏడు బొత్తాలూ నా నెత్తిన బాకీ.
బిడ్డ మొహం మీద మచ్చలు మాత్రం
ఆ ఎండాకాలానికే పలచబడ్డాయి.

మళ్లీ జాతరకు ముందు దండోరా వేశారు:
కోట్లు, టోపీలు, బెత్తాలు నిషిద్ధం.
పులులకు అభ్యంతరం లేదట.

పసుపుగుడ్డ నలభై గజాలు తెప్పించాను.
చాల్లేదు.