నుదుటి అంకె

కందుకూరు, పామూరు రోడ్డు,
ఎరువుల కొట్టు మేడ మీద మా సర్వరు గది.
ఒకే పెట్టెలో రెండు దారుల పట్టికలు:
సున్నా అంటే ఒంగోలు మీదుగా,
ఒకటి అంటే కావలి మీదుగా.

సాకెట్టు పుట్టే క్షణాన
కన్న ప్రోగ్రాము ఏ పట్టికలో ఉందో
ఆ అంకె దాని నుదుట పడుతుంది.
ఇక అది పంపే ప్రతి మాటా
ఆ పట్టికనే అడిగి గడప దాటుతుంది.
పక్క పట్టికలో రాచబాట ఉన్నా
దానికి కనపడదు.

రాత్రి రెండున్నరకి, టంగుటూరు దగ్గర
జేసీబీ పన్ను ఒంగోలు తీగను కొరికింది.
చాకిచెర్ల నుంచి పెంచలరెడ్డి ఫోను:
"ఏందయ్యా జిలానీ, నా రొయ్యల గుంట పలకటంలా?"

పట్టిక ఒకటికి మార్చాను.
మారింది ఇక పుట్టబోయేవాటికే.
వారం కిందట పుట్టిన సాకెట్టు మాత్రం
రద్దయిన బస్సుకి టికెట్టు పట్టుకు నిలబడ్డ పెద్దాయనలా
తెగిన తీగలోకే
అదే ప్యాకెట్టు తోస్తోంది, మళ్లీ, మళ్లీ.

బతిమాలితే వినే జాతి కాదు.
చంపి, ఒకటో పట్టికలో పుట్టించాలి.

చంపాను.

పదకొండు సెకన్లు.
గుంటలో ఊపిరి ఎంతుందో
ఈ లోకంలో ఎవరికీ తెలియదు.
కింది నుంచి యూరియా వాసన.

అప్పుడు కావలి మీదుగా, చుట్టు తిరిగి,
ఒక అంకె:
మూడు పాయింటు ఒకటి.

పెంచలరెడ్డి మాట్లాడలేదు. ఫోను పెట్టేయనూ లేదు.
చీకట్లో ఏరేటర్లు
ఒక్కొక్కటే నిద్రలేవడం విన్నాను.