నాలుగు నోళ్ల పెట్టె

అరండల్‌పేటలో మా హాస్టలు గదికి
మంచాలు నాలుగు, ప్లగ్గు ఒకటి.
అదీ తలుపు వెనకాల, చెప్పుల స్టాండు పైన.

"ముప్పై ఏడు దగ్గర నా వైరు పీకిందెవరు?"
పొద్దున్నే మా గదిలో సుప్రభాతం ఇదే.
గ్రూప్ టూ మాక్ టెస్టు గేటు దగ్గర
ఫోను చచ్చి, హాల్‌టికెట్టు చూపించలేక
వెనక్కొచ్చేసిన త్రికోటేశ్వరి
మూడు రోజులు నాతో మాట్లాడలేదు.
పీకింది నేను కాదన్నాను.
నేనే.

తలా మూడొందలు వేసుకుని
కొనే పని నాకప్పజెప్పారు.
కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను కాబట్టి
మోసపోనని వాళ్ల నమ్మకం.

నాజ్ సెంటర్లో కొట్టు, ఒక మనిషి పట్టేంత.
నేను కౌంటరు మీదికి వంగగానే
కొట్టతను వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాడు.
"మిర్చి యార్డు వైపు నించా అమ్మా?"
కళ్లు తుడుచుకుంటూ అడిగాడు.
జడలో ఇంకా ఉందన్నమాట, పొద్దుటి తేజ రకం.

గాజు పలక మీద ఏడెనిమిది పరిచాడు.
ఆరు నోళ్లది ఒకటి, మూడొందల యాభైకే,
నూట ఇరవై వాట్లని బంగారు అక్షరాలు.
చేతిలోకి తీసుకుంటే అప్పడమంత బరువు.
మరీ ఎర్రగా మెరిసే కాయని
మేం ముందు అరచేతిలో నలిపి చూస్తాం,
వేలికి రంగంటితే ఆ బస్తా పక్కకే.
దీన్ని నలపలేను కదా,
అలాగే పక్కకి జరిపాను.

నల్లదొకటి ఇచ్చాడు అప్పుడు.
సబ్బుబిళ్లంతే ఉంది గానీ చెయ్యి కిందికి దిగింది.
రెండు సీ నోళ్లు, రెండు పాతవి.
"అరవై అయిదు వాట్లని రాశారు,
ఒక్కోదానికీ అంతొస్తుందా?"
"ఒక్క ఫోనే పెడితే మొత్తం దానికే.
నాలుగూ పెడితే పంచుకోవాలమ్మా.
అరవై అయిదు, మొత్తం మీద మాట."

లెక్కల మనిషినే,
అయినా ఆ మాట దగ్గర కాసేపు నిలబడిపోయాను.
ఆరుగురికి రెండు గుడ్లు ఉడికిన రోజున
మా అమ్మ పళ్ల మధ్య ఒక కొస పట్టుకుని
కోసిన దారం గుర్తొచ్చింది.

పద్నాలుగొందలన్నాడు. వెయ్యీ నూట తొంభై దగ్గర తెగింది.
మిగిలిన పది రూపాయల లెక్క
ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ రాత్రంతా పంచాయితీ, ఎవరికే నోరని.
సీ అంటే వేగం. ఉన్నవి రెండే.
ట్యాబులో పాఠాలు వినే త్రికోటేశ్వరికొకటి.
చీరలు ఫొటోలు తీసి వాట్సాప్‌లో అమ్మే షాహీన్
"నా కొట్టే ఇందులో ఉంది" అంటూ రెండోది పట్టేసింది.
కెజియా ఆస్పత్రి నించి ఫోన్లోనే తేల్చేసింది:
"నాకు పాతది చాలు,
నేనొచ్చేసరికి మీవన్నీ నిండిపోతాయిగా."

వారం తిరక్కుండా తేడా కనిపెట్టాం.
ఎవరు కొత్తగా వైరు గుచ్చినా
మిగతా ఫోన్లు గుప్పున ఆగి, మళ్లీ మొదలవుతున్నాయి.
మోసపోయానని అందరి కళ్లూ నా మీద.
తీసుకెళ్లి కొట్టతని ముందు పెట్టాను.
ముందు తుమ్మాడు. తర్వాత నవ్వాడు.
"లోపం కాదమ్మా. ఇంకొకళ్లు వచ్చారంటే
అందర్నీ ఒక్క క్షణం వదిలేసి
ఎవరికెంతని లెక్క మళ్లీ వేసుకుంటుంది."

రాత్రి పన్నెండున్నర.
వాచ్‌మన్‌తో కెజియా గొణుగుడు, మెట్ల మీద అడుగులు.
లైటు వెయ్యదు ఆ పిల్ల.
చీకట్లో తడుముకుంటూ తన వైరు గుచ్చింది.
చెప్పుల స్టాండు మీద వరసగా పడుకోబెట్టిన
మా మూడూ ఆగి,
టింగ్, టింగ్, కాస్త ఆలస్యంగా నాది టింగ్.
ఆ వెలుగులో ఆమె ముంజేతి మీద
పెన్నుతో రాసుకున్న బెడ్డు నంబర్లు, సగం చెరిగి.

"గిన్నె మీద ప్లేటు బోర్లించాను, తిను,"
కళ్లు తెరవకుండానే త్రికోటేశ్వరి.

నాది ఎనభై రెండు.
ఇకనించి నెమ్మదిగా ఎక్కుతుంది.
ఎక్కనీ.