సాక్షి

సిలికాన్ వెలగదని చదువుకున్నాను.
లెక్కలు కడుతుంది, గుర్తుపెట్టుకుంటుంది,
ఇచ్చిన వెలుగునంతా
వేడిగా ఖర్చుపెట్టేస్తుంది.

గచ్చిబౌలి ల్యాబులో తొమ్మిది రోజులు
మంచంత చల్లని ఆమ్లంలో నల్లటి పలుకులు.
పొరల మధ్య నుంచి కాల్షియం
చప్పుడు లేకుండా ఇల్లు ఖాళీ చేసింది.
మిగిలినవి రేకులు,
ఒకదానికొకటి ఆనీ ఆననివి,
అణువు మందం.

రాత్రి పదకొండున్నరకి కరెంటు పోయింది.
జనరేటర్ అందుకునేలోపు
అతినీలలోహిత టార్చి సీసా మీదికి తిప్పాను.

పచ్చ.
నానిన పెసరపొట్టు పచ్చ.

తలుపు దగ్గర అటెండర్ ఇస్తారి:
"గిదేంది మేడం, మిణుగురులా?"
"రాయి. మీ గుట్టల్లో ఉండేదే."

నానక్‌రామ్‌గూడలో ఇరవై ఏళ్లు కంకర కొట్టినవాడు,
ముక్కు సీసాకి ఆనించి చూశాడు.
"కొడితే నిప్పురవ్వలు లేసేటియి.
గింత సల్లగ ఎన్నడు మెరవలె."

మూత వదులైందని తర్వాత తెలిసింది.
గాలి తాగి, తెల్లారేసరికి
సీసా అడుగున తెల్లటి బూడిదలాంటి పొడి.
పరికరం ఏమీ చూపలేదు.

నోట్‌బుక్‌లో రాశాను:
పదకొండున్నర. కరెంటు లేదు. కొలత లేదు.
రంగు: పెసరపొట్టు.
చూసినవారు: నేను, ఇస్తారి.

గైడు ఎర్ర ఇంకుతో
రెండో పేరు కొట్టేశారు.
మళ్లీ రాశాను.