పద్దెనిమిది మిల్లీమీటర్లు

తెల్లవారుజాము నాలుగుంబావు.
న్యూకాసిల్ రేవు బయట బొగ్గు ఓడలు
ఖాళీ కడుపులతో, దీపాలు పెట్టుకుని
వంతు కోసం నిలబడ్డాయి.
నేను సీసం కోటు తొడుక్కుంటున్నాను.
దాని బరువు పదకొండేళ్లుగా
నా నడుము లెక్క రాసుకుంటోంది.

బల్ల మీద మెర్విన్ పాస్కో.
డెబ్బై ఒకటి. టగ్‌బోటు సరంగు.
ఊరంత ఓడలకి ముక్కుతాడు వేసి
ముప్పై నాలుగేళ్లు లోపలికి లాక్కొచ్చినవాడు
ఇప్పుడు కుడి మణికట్టు పైకి తిప్పి పడుకున్నాడు,
గాజులు వేయించుకోడానికి చెయ్యిచ్చిన పిల్లలా.
నొప్పి ఎలా ఉందంటే
"ఎవరో లంగరు దించి
తియ్యడం మరిచిపోయినట్టుంది" అన్నాడు.

సూది దిగింది.
వెంట్రుకంత తీగ మోచేయి దాటి,
భుజం మలుపు తిరిగి,
పెద్ద ధమని వంపులో కాసేపు తచ్చాడి
గుండె గుమ్మం దగ్గర ఆగింది.
మీట నొక్కాను.
తడి గోడ మీద సిరా పాకినట్టు
తెర మీద రంగు మందు పారింది.
ఎడమ కొమ్మలో సగం దాకా వచ్చి,
అక్కడ
చీమ నడుము.

"అదేనా?" అన్నాడు తల తిప్పి.
అతనికి మెలకువే. ఇక్కడ దాదాపు అందరికీ మెలకువే.
తన గుండెను తానే చూసుకునేవాళ్ల మొహాలు
నేను అద్దం వెనకనుంచి చూస్తుంటాను.
కొందరికి దేవుడు గుర్తొస్తాడు, కొందరికి వెన్న.
మెర్విన్ మాత్రం "అక్కడ లోతెంత?" అన్నాడు.

మా భాషలో గుండె జారుతుంది,
గుబేలుమంటుంది, రాయవుతుంది,
దుఃఖం మరీ ఎక్కువైతే చెరువవుతుంది.
ఇరుకవుతుందని మాత్రం ఎవరూ అనలేదు.
ఇరుకయ్యేది మనసనే చెప్పుకున్నాం,
అదీ ఎదుటివాళ్లది.

చీమ నడుములోకి బెలూను వెళ్లింది,
ఒంటికి స్టెంటు తొడుక్కుని.
బాల్‌పెన్ను స్ప్రింగుకి చెల్లెలు అది.
మూడు బియ్యపు గింజలు వరసగా పెడితే ఎంతో
అంత పొడవు.
"పన్నెండు" అంది డాక్టర్ మహ్‌నాజ్, పీడనం చూసి.
"పద్నాలుగు."
ఆ కాసేపూ రక్తం దారి మేమే మూసేస్తాం,
తెరవడానికి.
నేను లెక్కపెడుతున్నాను,
పైకి ఇంగ్లిషులో, లోపల తెలుగులో.
రెండూ ఎప్పుడూ ఒకచోట ఆగవు.
పదిహేను దగ్గర అతని పెదవులు బిగిశాయి.
పద్దెనిమిది దగ్గర ఈసీజీ గీత ఎగిరి కూర్చుంది.
ఇరవై.
వదిలేశాం.

మళ్లీ రంగు.
ఈసారి కొస దాకా పోయింది.
ఇందాక లేని ఓ సన్న కొమ్మ
పక్కనుంచి తొంగిచూసింది,
పిలవకపోయినా పెళ్లికొచ్చిన చుట్టంలా.
"లేచింది" అన్నాడు మెర్విన్.
లంగరు సంగతని మాకు అర్థమయ్యేసరికి
కొంచెం ఆలస్యమైంది.

మణికట్టుకి పట్టీ బిగించి చెప్పాను:
ఏడాది పాటు మాత్రలు, ఒక్కరోజూ మానొద్దు.
"మా రేవూ అంతే" అన్నాడు.
"పూడిక తీసేవాడికి తెలుసు, పూడిక ఆగదని.
ఇనుప గోడ కట్టాం కదా అని
కాలువ మనదైపోదు."
సిగరెట్ల మాటెత్తితే
కిటికీ వైపు చూశాడు.

కోటు విప్పి కొక్కేనికి తగిలించాను.
లాకరు తలుపు లోపల ఓ కాగితం.
నా పేరుతోనే, నా డాక్టరు రాసింది.
వయసు నలభై ఆరు. తండ్రికి యాభైలో...
ఆ వాక్యం అక్కడే వదిలేస్తాను ఎప్పుడూ.
స్కాన్‌కి రమ్మని. ఫిబ్రవరి తేదీ.
ఇది జూన్.
రోజుకి ఆరు గుండెలు చూసేదానికి
ఏడోది చూసే తీరిక లేదని
అందరికీ చెబుతూ వచ్చాను. బాగానే నమ్మారు.

బయట చలి. దీపస్తంభం ఇంకా ఆరలేదు.
వరసలో మొదటి ఓడ కదిలింది,
ముందొక టగ్గు, వెనకొక టగ్గు,
ఇరుకు దారిలోకి, చాలా నెమ్మదిగా.
మణికట్టు మీద వేళ్లు పెట్టుకున్నాను.
చూపుడువేలు, నడిమివేలు. బొటనవేలు కాదు.
దానికి తన చప్పుడు తనకుంటుంది,
అబద్ధం చెబుతుంది.

క్లినిక్ ఎనిమిదిన్నరకి గానీ తెరవరు.
కారులోనే కూర్చున్నాను,
కాగితం ఒళ్లో పెట్టుకుని.