ఇరవయ్యో పేరు

జీతాల పట్టీ రాసేది నేనే.
చిలోయె దీవి, కెయ్యోన్ రేవు,
ఆల్చిప్పలు ఒలిచి డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీ.
బల్లల దగ్గర పద్ధెనిమిది మంది ఆడవాళ్ళు,
ఈ కుర్చీలో పంతొమ్మిదో దాన్ని.
మగవాళ్ళ లెక్కకు హద్దు లేదు.

ఇరవై మంది ఆడవాళ్ళు పనిచేసే చోట
రెండేళ్ళ లోపు పిల్లల ఊయల గదికి
యజమానే ఖర్చు పెట్టుకోవాలంటుంది చట్టం.
రాసినవాళ్ళు మంచివాళ్ళే అయ్యుంటారు.
వాళ్ళు ఇరవై అని రాశారు.
దోన్ ఎవారిస్తో పంతొమ్మిది అని చదువుకున్నాడు.

చెడ్డవాడని అనను.
పడవ బోల్తాపడి మొగుడు పోయిన బార్రియా ఇంటికి
చలికాలమంతా కట్టెలు పంపాడు.
ఇరవై అంకె దగ్గర మాత్రం
అతని పెన్ను ఆగిపోతుంది,
కొత్త వంతెన ముందు గుర్రం ఆగినట్టు.

పోయిన ఆగస్టులో యాస్నా మిల్యలోంకో వచ్చింది,
శాలువాలో ఏడు నెలల పిల్లతో.
పిల్లని నా ఒళ్ళో పెట్టి కత్తి అందుకుంది.
నాలుగు నిమిషాలకు కిలో.
మా మేస్త్రీ గడియారం రెండోసారి చూసుకున్నాడు.
బయట నీళ్ళు కారుతూ ఆల్చిప్పల గుట్ట.
నేను ఖాళీ లేదన్నాను.
ఆమె గుట్టకేసి చూసింది, తర్వాత నాకేసి.
"ఎన్నో దాన్ని?" అని అడిగింది.
ఊరందరికీ వచ్చిన ఎక్కమిది.

నా కొడుకు ఎనిమిది నెలలు
ఈ బల్ల కిందే పెరిగాడు, ఆల్చిప్పల పెట్టెలో.
ఇన్‌స్పెక్టర్ వస్తే
కాలితో పెట్టెను లోపలికి తోసేదాన్ని.
ఇప్పుడు వాడికి సముద్రపు వాసన పడదు.

వల్పరైసోలో చర్చ నడుస్తోందని రేడియో.
ఇరవై అన్న మాటే కొట్టేస్తారట.
ఆడా మగా తేడా లేకుండా
ప్రతి జీతం మీదా యజమాని కొంచెం కట్టాలట,
అందరిదీ ఒకే నిధిలోకి.
వెయ్యికి రెండా, మూడా,
ఇంకా తేల్చలేదు.
ఆ రాత్రి పట్టీ వెనకవైపు లెక్క కట్టాను.
మనిషికి నెలకు కిలో రొట్టె ఖరీదు కూడా కాదు.
వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు.

మర్నాడు దోన్ ఎవారిస్తోకు చూపించాను.
"ఓస్వాల్దోకు కూడా కట్టాలా?
అరవై నాలుగేళ్ళ బ్రహ్మచారికి?"
"ఓస్వాల్దో మాత్రం
రాతికి అతుక్కుని పుట్టాడా, దోన్?"
పొట్ట పట్టుకుని నవ్వాడు.
జవాబు చెప్పలేదు.

నా ఆరో ఏట
మా మేనత్త ఇంటిని ఒడ్డు నుంచి గుట్టమీదికి లాగారు,
కింద దుంగలు పరిచి, పదహారు జతల ఎద్దులు కట్టి.
మేనత్తతో మాటల్లేనివాళ్ళు కూడా
తాడు పట్టుకున్నారు.
ఎవరి ఎద్దు ఎంత లాగిందో ఎవరూ తూచలేదు.
లోపల గోడమీద గడియారం
ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది.
అది నాకు బాగా గుర్తు,
ఎందుకంటే నేను కిటికీలోంచి దూరి
లోపలే కూర్చున్నాను.

నిన్న నెల్దా మానేసింది, మోకాళ్ళ నొప్పులు.
పద్ధెనిమిది.
దోన్ ఎవారిస్తో తలూపకముందే ఫోన్ చేశాను.
యాస్నా తీసింది, వెనకాల పిల్ల ఏడుపు.
"ఎన్నో దాన్ని?"
"పంతొమ్మిది."
కాసేపు రెండు వైపులా వాన చప్పుడే.
"మరి దీన్నెక్కడ పెట్టను?" అంది.

నేను బల్ల కిందికి వంగి చూశాను.
పెట్టె అక్కడే ఉంది,
పాత రసీదులతో నిండి.